అప్పటికి సీతమ్మకి ఎన్నేళ్ళు? పురాణ పాత్రల వయసులు లెక్కగట్టే పద్ధతి

పెదవాల్తేరులో మా అపార్ట్‌మెంటు డాబా మీద ఆదివారం సాయంత్రాలు పదిమందిమి కూర్చుని రామాయణం చదువుకుంటాం. అరణ్యకాండ నడుస్తుండగా ఓరోజు నేను గొంతు సవరించుకుని, "రావణుడు ఎత్తుకుపోయేనాటికి సీతమ్మకి 18 ఏళ్ళు" అనేశాను. శ్లోకంలో ఆ అంకె కళ్ళెదుటే ఉంది మరి. మూలన కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళజోడు తీసి, "అది ఎప్పటి వయసు బాబూ? అడవికి బయల్దేరినప్పటిదా, ఎత్తుకుపోయినప్పటిదా?" అన్నారు. మళ్ళీ చూశాను. బయల్దేరినప్పటిది. మధ్యలో పదమూడేళ్ళు నేను మింగేశాను. ముప్పై ఏళ్ళు లెక్కల సెక్షనులో పద్దులు సరిచూసిన మనిషిని, పదిమందిలో అలా దొరికిపోయాను.

మర్నాడే జగదాంబ దగ్గర ఒక లాంగ్ నోటుబుక్ కొన్నాను. ఆ పుస్తకం ఎలా రాసుకోవాలో చెప్పడానికే ఇదంతా. రామాయణమైనా, భారతమైనా, బైబిలైనా పద్ధతి ఒకటే.

ముందు ఒకే ప్రతి పట్టుకోండి

మన ఇళ్ళల్లో ఉండే రామాయణాలన్నీ ఒకటి కావు. దక్షిణాది పాఠం వేరు, ఉత్తరాది పాఠం వేరు, పాత రాతప్రతులు పోల్చి సిద్ధం చేసి, 1960 నుంచి 1975 దాకా బరోడాలో అచ్చువేసిన సంశోధిత ప్రతి వేరు. అరణ్యకాండలో సీత రావణుడితో తన కథ చెప్పుకునే చోటు తీసుకోండి. మనకి అలవాటైన పాఠంలో "ఉషిత్వా ద్వాదశ సమాః" అని ఉంటుంది. అంటే అత్తవారింట పన్నెండేళ్ళు ఉన్నానని. సంశోధిత ప్రతిలో అదే చోట "సంవత్సరం" అని ఉంది, ఒక్క ఏడాదే. పదకొండేళ్ళ తేడా! ఇదీ అదీ కలిపి లెక్క కట్టారంటే ఎటూ తేలదు. ఒక ప్రతిని అసలు పద్దుగా పెట్టుకోండి, రెండోది పక్కన పెన్సిలుతో రాసుకోండి. నేను దక్షిణాది పాఠంతోనే నడుస్తాను, చిన్నప్పట్నుంచీ చెవినపడింది అదే కాబట్టి.

గడులు గీయండి

పేజీకి అయిదు గడులు. అంకె ఎంత? ఎవరన్నారు? ఎవరితో అన్నారు? కథలో ఎప్పుడు అన్నారు? ఆ అంకె ఏ రోజుకి చెందింది? ఈ చివరి రెండూ వేరువేరు గడులుగా ఉండి తీరాలి. నేను బోల్తాపడింది అక్కడే. సీత మాట్లాడింది వనవాసం చివర్లో. ఆమె చెప్పిన "అష్టాదశ హి వర్షాణి" వనవాసం మొదలైన రోజుకి చెందినది.

ఎవరన్నారు అన్న గడి కూడా తేలికగా తీసుకోవద్దు. కొడుకుని పంపనని బతిమాలే తండ్రి చెప్పే వయసు ఒకలా ఉంటుంది. బాణం దెబ్బ తిని, ఏళ్ళ తరవాత కూడా ఆ పేరు వింటేనే వణికే మారీచుడు చెప్పే వయసు ఇంకోలా ఉంటుంది.

నిండాయా, నడుస్తున్నాయా?

మా అమ్మమ్మ ఎవరి వయసైనా "పన్నెండు వెళ్ళి పదమూడు" అనేది. అంటే పన్నెండు నిండి, పదమూడోది నడుస్తోందని. ఇప్పటి ఫారాల్లో నిండినవే రాస్తాం, పాతవాళ్ళు నడుస్తున్నదీ చెప్పేవారు. గ్రంథాల్లో రెండూ ఉంటాయి. సుందరకాండలో సీత హనుమంతుడితో పన్నెండేళ్ళు సుఖంగా గడిచాయనీ, పదమూడో ఏట రాజు పట్టాభిషేకం తలపెట్టాడనీ చెబుతుంది. ఇక్కడ పన్నెండు నిండినది, పదమూడు నడుస్తున్నది. అంకె పక్కన "ని" అనో "న" అనో ఒక్క అక్షరం వేసుకోండి. తేలకపోతే ఏడాది అటూ ఇటూ వదిలిపెట్టండి.

గుంజ పాతండి

ఎక్కువ అంకెలు ఏ సంఘటన చుట్టూ తిరుగుతున్నాయో చూసి దాన్ని గుంజగా పాతుకోవాలి. రాముడి కథలో అది అడవికి బయల్దేరిన రోజు. ఆ రోజున రాముడి వయసెంత? నా పుస్తకంలో ఈ ఒక్క ప్రశ్నకే మూడు పేజీలు పట్టింది.

సీత చెప్పిన మాట సూటిగా ఉంది, "వయసా పంచవింశకః". పాతిక. పెళ్ళయ్యాక అయోధ్యలో గడిచింది పన్నెండేళ్ళు, కాబట్టి పెళ్ళినాటికి రాముడికి 13, సీతకి 6.

ఇప్పుడు దశరథుడు. విశ్వామిత్రుడు వచ్చి రాముణ్ణి పంపమన్నప్పుడు ఆయన "ఊనషోడశవర్షో మే రామో రాజీవలోచనః" అంటాడు. పదహారు నిండలేదని. యాగరక్షణా, మిథిల ప్రయాణం, పెళ్ళీ అన్నీ వెంటవెంటనే జరిగాయి. ఊనషోడశ అంటే 15 అనుకుంటే, 15కి 12 కలిపి వనవాసానికి 27. సీత లెక్కకి రెండేళ్ళు ఎక్కువ.

మారీచుడు అదే సంఘటనని రావణుడికి చెబుతూ, రాముడికి అప్పుడు పన్నెండు కూడా నిండలేదని దశరథుడు అన్నట్టు చెబుతాడు. కొన్ని ప్రతుల్లో పన్నెండేళ్ళవాడని ఉంటుంది. పన్నెండుకి పన్నెండు కలిపితే 24 నిండి 25 నడుస్తుంది. సీత మాటతో అతికినట్టు సరిపోయింది.

ఇక కౌసల్య. కొడుకు అడవికి వెళ్తున్నాడని విని ఏడుస్తూ, నువ్వు పుట్టి "దశ సప్త చ వర్షాణి" అయింది, నా కష్టాలు తీరతాయని ఎదురుచూస్తూనే గడిపాను అంటుంది. పదిహేడు! ఇదే నిజమైతే పెళ్ళినాటికి రాముడికి అయిదేళ్ళు ఉండాలి, తాటకని చంపింది అయిదేళ్ళ పిల్లాడు అవుతాడు. వ్యాఖ్యాతలు ఇక్కడ "జాతస్య" అన్న మాటని పట్టుకున్నారు. ద్విజుడికి ఉపనయనం రెండో పుట్టుక, లెక్క అక్కణ్ణుంచి అన్నారు. 25 లోంచి 17 తీస్తే 8. ఎనిమిదో ఏట వడుగు అనుకుంటే సరిపోతుంది. కానీ క్షత్రియుడికి స్మృతులు చెప్పింది గర్భం నుంచి పదకొండో ఏడు. ఆ లెక్కన వనవాసానికి 27 దగ్గరికి వస్తుంది, అది దశరథుడి మాటకి దగ్గర! చూశారా, ఒక్కొక్క అంకె ఒక్కొక్కరి పక్షాన నిలబడుతుంది.

నేను సీత మాటనే గుంజగా పాతాను. ఆమె వయసు లెక్క మాత్రమే చెబుతోంది, దాంతో ఎవర్నీ ఒప్పించాల్సిన పని లేదు. పైగా మొగుడి వయసు ఆడవాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? ఇది నా అభిప్రాయం. మీరు దశరథుడి పక్షాన ఉంటే 27 పాతుకోండి, కానీ చివరిదాకా అదే పట్టుకుని నడవండి.

గుంజ పాతాక మిగతాది కూడికే. 25కి 14 కలిపితే పట్టాభిషేకానికి రాముడికి 39. పదమూడో ఏడు గడిచాక అపహరణ, కాబట్టి అప్పటికి సీతకి 31 దాటింది. పద్దెనిమిది కాదు.

చంద్రుణ్ణి అడగండి

ఏళ్ళ లెక్క కుదిరాక నెలలు, నక్షత్రాలతో సరిచూడాలి. పంచాంగం చూసే అలవాటున్న ఇల్లయితే ఈ మెట్టు చాలా సరదాగా ఉంటుంది.

రాముడు పుట్టింది చైత్ర శుద్ధ నవమి, పునర్వసు. భరతుడిది పుష్యమి, లక్ష్మణ శత్రుఘ్నులది ఆశ్లేష. నక్షత్రాల వరసలో ఇవి 7, 8, 9. అంటే అన్నదమ్ముల మధ్య ఎడం రోజుల్లోనే. సినిమాల్లో భరతుణ్ణి నాలుగేళ్ళు చిన్నవాడిగా చూపించడం మనకి అలవాటైపోయింది గానీ, శ్లోకం ప్రకారం అందరూ ఒకే పురిటివాళ్ళు.

ఇప్పుడు అయోధ్యకాండ తెరవండి. పట్టాభిషేకం తలపెట్టింది చైత్రమాసంలో. దశరథుడు రాముణ్ణి పిలిచి, ఈరోజు చంద్రుడు పునర్వసులో ఉన్నాడు, రేపు పుష్యమి అంటాడు. చైత్రంలో పునర్వసు అంటే ఏమిటి? రాముడి పుట్టినరోజు. "నీకు రేపు పట్టం కడతాను" అని తండ్రి చెప్పింది కొడుకు జన్మనక్షత్రం నాడు. మర్నాడు పుష్యమి, మేనమామ ఇంట్లో ఉన్న భరతుడి జన్మనక్షత్రం. ఆ రోజే రాముడు అడవికి బయల్దేరాడు, భరతుడికి రాజ్యం ఖాయమైంది. ఇది కంటపడిన రాత్రి నేను నోటుబుక్ మూసి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను. వయసు లెక్కకీ ఇది పనికొస్తుంది. వనవాసం మొదటిరోజు రాముడికి కొత్త ఏడు మొదలైన రెండో రోజు, కాబట్టి ఇక నెలల తకరారు లేదు.

అపహరణ ఏ నెలలో జరిగింది? పంచవటిలో హేమంతం వర్ణన అయ్యాక శూర్పణఖ వస్తుంది. సీత కనిపించకుండా పోయాక పంపాతీరానికి వచ్చేసరికి వసంతం. వాలి పోయాక శ్రావణంలో వానలు మొదలు, కార్తీకం రాగానే వెతుకుదామని సుగ్రీవుడితో మాట. లంకలో సీత హనుమంతుడితో, రావణుడు పెట్టిన పన్నెండు నెలల గడువులో పదో నెల నడుస్తోంది, రెండే మిగిలాయి అంటుంది. మార్గశిరం గానీ పుష్యం గానీ పదో నెల అనుకుని వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టండి. మొదటి నెల ఫాల్గుణమో చైత్రమో వస్తుంది. హేమంతం అయిపోయాక, పంపలో వసంతం చూడబోయే ముందు. కాండలు వేరు, మాట్లాడేవాళ్ళు వేరు, నెలలు మాత్రం తప్పలేదు.

అధికమాసం సంగతి చందనోత్సవం చెబుతుంది

"పదమూడేళ్ళు" అంటే ఏ ఏళ్ళు? ఇది తేల్చకుండా భారతంలోకి దిగకూడదు. మన విశాఖవాళ్ళకి దీనికి ఉదాహరణ సింహాచలం కొండమీదే ఉంది. అప్పన్న నిజరూప దర్శనం ఏటా వైశాఖ శుద్ధ తదియ నాడు. 2023లో అది ఏప్రిల్ 23న వచ్చింది, 2024లో మే 10న, 2025లో ఏప్రిల్ 30న. రోజులు లెక్కపెట్టండి. మొదటి చందనోత్సవం నుంచి రెండోదానికి 383 రోజులు, రెండోదాన్నుంచి మూడోదానికి 355. రెండూ "ఒక ఏడాదే". 2023లో అధిక శ్రావణం పడింది కాబట్టి ఆ ఏడాదికి పదమూడు నెలలు.

ఇదే గొడవ విరాటపర్వంలో దుర్యోధనుడు లేవదీశాడు. గోగ్రహణం నాడు అర్జునుడు బయటపడగానే, గడువు తీరకుండా దొరికిపోయారు, మళ్ళీ అడవికి పొమ్మన్నాడు. భీష్ముడు లెక్క తీశాడు. అయిదేళ్ళకి రెండేసి అధికమాసాలు, పదమూడేళ్ళకి అయిదు నెలలా పన్నెండు రాత్రులు ఎక్కువ, కాబట్టి గడువు దాటిపోయింది అన్నాడు. చాంద్రమాన సంవత్సరాలు పదమూడు చాలని ఆయన తీర్పు.

మనం కూడా వేసి చూద్దాం. 13ని 2తో గుణించి 5తో భాగిస్తే 5.2 నెలలు, అంటే అయిదు నెలల ఆరు రాత్రులు. భీష్ముడు చెప్పింది పన్నెండు రాత్రులు. ఆరు రాత్రులు తేడా. ఇలాంటి తేడాలని ఎక్కడ పెట్టాలో కింద చెబుతాను.

రెండు గ్రంథాలు కలిపితే రెండు రంగుల సిరా వాడండి

యుద్ధంనాటికి కృష్ణుడికి ఎన్నేళ్ళు అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. భారతం మౌసలపర్వం ప్రకారం యుద్ధమైన ముప్పై ఆరో ఏట యాదవులు నశించారు. భాగవతం ఏకాదశ స్కంధంలో బ్రహ్మ వచ్చి, నువ్వు అవతరించి 125 ఏళ్ళు గడిచాయి అంటాడు. 125 లోంచి 36 తీస్తే 89. తీసివేత తప్పులేదు, కానీ ఒక అంకె భారతానిది, ఒకటి భాగవతానిది. నేను భారతం అంకెలు నీలంతో, భాగవతానివి ఎర్రసిరాతో రాస్తాను. రెండు రంగులూ కలిసి వచ్చిన జవాబుకి చుట్టూ గీతల గడి కడతాను, ఇది ఏ ఒక్క గ్రంథమూ చెప్పినది కాదని గుర్తుకి.

అభిమన్యుడి విషయంలో ఈ బాధ లేదు. పదహారేళ్ళే భూమ్మీద ఉంటాడని ఆదిపర్వంలోనే చంద్రుడు షరతు పెట్టాడు. పదమూడేళ్ళ వనవాస అజ్ఞాతవాసాలు తీస్తే, జూదంనాటికి మూడేళ్ళ పిల్లాడు. ఉత్తరని పెళ్ళాడింది అజ్ఞాతవాసం ముగిశాక. కడుపులో ఉన్న పరీక్షిత్తుని వదిలి వెళ్ళిపోయాడు.

సమాసాలు కూడా మోసం చేస్తాయి. ద్రోణుణ్ణి "వయసాశీతిపంచకః" అన్నారు. అశీతి అంటే 80, పంచకం అంటే 5. కలిపితే 85, గుణిస్తే 400. కొందరు అలా, కొందరు ఇలా చెప్పారు. తలపండినా కుర్రాడిలా తిరుగుతూ యుద్ధం చేశాడన్న వర్ణన పక్కన నాకు 85 చాలు.

పెద్ద అంకెలకి వేరే పేజీ

పుట్టి 60,000 ఏళ్ళయిందని దశరథుడే చెబుతాడు. రాముడు 11,000 ఏళ్ళు ఏలాడు. వీటిని 25, 14 ఉన్న పేజీలో రాయకండి. పదహారు నిండని కొడుకూ, అరవైవేల ఏళ్ళ తండ్రీ ఒకే సంభాషణలో వచ్చినా, ఆ రెండు అంకెల కొలబద్ద ఒకటి కాదు.

కొందరు పెద్ద అంకెలని రోజులుగా మారుస్తారు. దానికి ఆధారం యాగాల విధులు చర్చించే పూర్వమీమాంస శాస్త్రంలో ఉంది. వెయ్యి సంవత్సరాల సత్రయాగం మనిషి ఆయుష్షులో ఎలా కుదురుతుందన్న చర్చ జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో వచ్చి, అక్కడ సంవత్సరమంటే రోజు అని తేల్చారు. ఆ కొలతతో 11,000 రోజులు సుమారు 30 ఏళ్ళు. 39కి 30 కలిపితే రాముడికి 69. చక్కగా ఉంది. దశరథుడి 60,000 రోజులు మాత్రం 164 ఏళ్ళవుతాయి, అది అంత చక్కగా లేదు. పైగా మీమాంసకులు ఆ మాట అన్నది యాగం గురించి, రాజుల వయసు గురించి కాదు. ఒకచోట వాడితే అన్నిచోట్లా వాడాలి. నచ్చిన చోట రోజులు, నచ్చని చోట ఏళ్ళు అంటే ఆడిట్‌లో నిలవదు.

పాతవూరి మిత్రుడి లెక్క

పోర్టులో నాతో పనిచేసిన ఒక మిత్రుడు పాతవూళ్ళో ఉంటాడు, ఆదివారం చర్చి తప్పడు. నా నోటుబుక్ చూసి, "మా ఆదికాండం పట్టు, నీ చేతికి పని దొరుకుతుంది" అన్నాడు. నిజమే. అక్కడ అంకెలు చేతినిండా ఉన్నాయి గానీ, కావలసినది మాత్రం నేరుగా చెప్పరు.

అన్న ఏశావుకి భయపడి యాకోబు ఇల్లు విడిచి పారిపోయినప్పుడు అతనికి ఎన్నేళ్ళు? చదువుతుంటే ఇరవై ఏళ్ళ కుర్రాడిలా అనిపిస్తాడు. గుంజ ఎక్కడో చివర ఉంది. ఫరో ఎదుట యాకోబు తన వయసు 130 అంటాడు. అతని కొడుకు యోసేపు ఫరో ఎదుట మొదటిసారి నిలిచింది 30వ ఏట. తరవాత సమృద్ధి ఏళ్ళు 7, కరువు మొదలై 2. అంటే తండ్రి ఐగుప్తుకి వచ్చేనాటికి యోసేపుకి 39. 130లో 39 పోతే 91. యోసేపు పుట్టినప్పుడు యాకోబు వయసు అది. మేనమామ లాబాను ఇద్దరు కూతుళ్ళని పెళ్ళాడటం కోసం యాకోబు అతని దగ్గర చేసిన పద్నాలుగేళ్ళ కొలువు అయ్యేసరికి యోసేపు పుట్టాడు. 91లో 14 పోతే 77. తల్లి మాట విని మేకపిల్లల చర్మం చేతులకి కట్టుకుని, తానే ఏశావునని తండ్రిని నమ్మించినవాడికి 77 ఏళ్ళు! నేను అంకె చెప్పగానే మిత్రుడు పగలబడి నవ్వాడు, తరవాత తన బైబిలు తెరిచి అంచున 77 అని రాసుకున్నాడు.

నోవహు తాత మెతూషెల లెక్క చిన్నది. 187వ ఏట లెమెకు పుట్టాడు, లెమెకు 182వ ఏట నోవహు పుట్టాడు, నోవహు 600వ ఏట జలప్రళయం. కూడితే 969. మెతూషెల బతికిందీ 969. ప్రళయం వచ్చిన ఏడే పోయాడన్నమాట. పాత గ్రీకు అనువాదంలో 187 బదులు 167, 182 బదులు 188 ఉన్నాయి. అక్కడ కూడితే 955. ప్రళయం తరవాత ఇంకా పద్నాలుగేళ్ళు బతకాలి, ఓడ ఎక్కినవాళ్ళలో అతని పేరు లేదు. ఒకే ప్రతి పట్టుకోమని మొదట్లో ఎందుకు అన్నానో దీనితో మళ్ళీ తెలిసింది.

సస్పెన్స్ ఖాతా

లెక్కల సెక్షనులో ఒక అలవాటు ఉండేది. ఏ పద్దుకి చెందినదో తెలియని రూపాయిని బలవంతంగా ఎక్కడో అక్కడ ఇరికించకుండా సస్పెన్స్ ఖాతాలో వేసేవాళ్ళం. కాగితం దొరికినప్పుడు తీసేవాళ్ళం. నా నోటుబుక్ చివరి నాలుగు పేజీలు దానికే వదిలాను. పద్దు, తేదీ, తేడా ఎంత, రెండువైపులా ఎవరన్నారు, అంతే రాస్తాను. ఎవరు పొరబడ్డారో రాయను.

అక్కడ ఇప్పుడు ఉన్నవి కొన్ని చెబుతాను. కౌసల్య పదిహేడు. భీష్ముడి ఆరు రాత్రులు. మళ్ళీ భీష్ముడే, అంపశయ్య మీద 58 రాత్రులు గడిచాయని ప్రాణం వదిలే ముందు అంటాడు. కానీ యుద్ధం అయ్యాక కృష్ణుడు ఆయనతో, నీకింకా 56 రోజులు ఉన్నాయన్నట్టు శాంతిపర్వంలో ఉంది. పదోరోజున పడ్డవాడు, యుద్ధం పద్దెనిమిదో రోజున ముగిసింది. అప్పటికే ఎనిమిది రోజులు అయ్యాయి కాబట్టి మొత్తం 64కి తగ్గకూడదు. రాముడు పద్నాలుగేళ్ళు నిండి పంచమినాడు భరద్వాజాశ్రమం చేరాడని ఉంది గానీ, ఆ శ్లోకంలో నెల పేరు లేదు. రాముడు తిరిగొచ్చిన రోజే దీపావళి అనేవాళ్ళకి మాత్రం ఒక మాట, అమావాస్యకీ పంచమికీ పొత్తు కుదరదు.

మిత్రుడు తెచ్చినది అబ్రాము (అబ్రాహాము) తండ్రి తెరహు పద్దు. 70 ఏళ్ళకి అబ్రామునీ అతని అన్నదమ్ములనీ కన్నాడు, 205వ ఏట పోయాడు. అబ్రాము హారాను విడిచింది 75వ ఏట. తండ్రి పోయాకే విడిచాడని అపొస్తలుల కార్యములలో ఉంది. అలాగైతే 205లో 75 పోగా, అబ్రాము పుట్టేనాటికి తెరహుకి 130 ఉండాలి. 70కీ 130కీ మధ్య అరవై ఏళ్ళు. అబ్రాము ముగ్గురిలో పెద్దవాడు కాదేమో, పేరు ముందు రాశారంతే అంటారు కొందరు. సమరయుల ప్రతిలో తెరహు 145కే పోయాడు, అక్కడ 70కి 75 కలిపితే సరిగ్గా సరిపోతుంది. మిత్రుడు అది కొట్టేసి 145 వేయమన్నాడు. మన ప్రతి వేరు కదా అని నేను ఒప్పుకోలేదు, పెన్సిలుతో పక్కన రాసి ఉంచాను.

పోయిన ఆదివారం పెద్దావిడకి పుస్తకం చూపించాను. కౌసల్య పద్దు దగ్గర వేలు పెట్టి, "ఏడుస్తున్న తల్లి కదా, లెక్క తప్పి ఉంటుంది" అన్నారు. అదీ రాసుకున్నాను, "ఎవరన్నారు" గడిలో ఆవిడ పేరు వేసి.